కాలికి కట్టు, చేతిలో టిక్కెట్టు

పిల్లలూ,

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి మీకందరికీ వినిపించవలసినది. నెల్లూరు నుంచి ఐదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి వ్రాసింది. అక్షరాలు ముత్యాలలాగా ఉన్నాయి గాని, సంగతి మాత్రం దిగులుగా ఉన్నది.

"మాస్టారూ, మా అన్నయ్య జామచెట్టు మీది నుంచి పడ్డాడు. మోకాలి క్రింద ఎముక విరిగింది. డాక్టరు గారు తొడ దాకా పిండికట్టు వేశారు. మూడు వారాలయింది. వచ్చే వారం మేమంతా హైదరాబాదు వెళ్ళి రామోజీ ఫిల్ము సిటీ చూడాలి. టిక్కెట్లు ముందే కొన్నారు. అన్నయ్యను అమ్మమ్మ దగ్గర ఉంచి వెళదామని అమ్మ అంటున్నది. నాన్న ఏమీ అనటం లేదు. అన్నయ్య నాలుగు రోజులుగా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. నాతో కూడా మాట్లాడటం లేదు. వాణ్ణి తీసుకొని వెళ్ళవచ్చునా? వస్తే మాత్రం వాడేం చూస్తాడు? కట్టు మీద నా పేరు వ్రాయవచ్చునా?"

చూశారా, ఒక్క ఉత్తరంలో మూడు ప్రశ్నలు!

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడిని నేను కాను తల్లీ. కట్టు వేసిన డాక్టరు గారు చెప్పాలి. "బాగా ఉన్నాడా?" అని ఊరికే అడిగితే ఆయన "ఉన్నాడు" అంటారు. అట్లా కాదు, "రాత్రంతా రైలులో వెళ్ళి, మరునాడు పగలంతా కుర్చీలో కూర్చోవచ్చునా?" అని విడమరచి అడగమని నాన్నతో చెప్పు. ఆయన వద్దంటే వద్దు. సరేనంటే తక్కిన సంగతులు నేను చెప్పగలను. ఎందుకంటే రెండేళ్ళ క్రితం మా మనవడు, పదకొండేళ్ళవాడు, సరిగ్గా ఇట్లాంటి కట్టుతోనే అదే ఫిల్ము సిటీకి వచ్చాడు. వెంట వాడి బాబాయి, నేను, ముగ్గురు పిల్లలు.

అసలు ఆ కట్టు అంటే ఏమిటి? కొందరు పిండికట్టు అంటారు, కొందరు సిమెంటు కట్టు అంటారు. అది పిండీ కాదు, సిమెంటూ కాదు. జిప్సం అని ఒక రాయి ఉన్నది. మన దేశంలో రాజస్థానంలో విస్తారంగా దొరుకుతుంది. ఆ రాతిలో నీళ్ళు దాగి ఉంటాయి. చేత్తో తాకితే తడి తగలదు. స్ఫటికాలలోనే ఇమిడి ఉంటాయి. దానిని 120 నుంచి 150 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాలిస్తే, దాగిన నీటిలో నాలుగింట మూడు వంతులు ఆవిరై పోతుంది. మిగిలిన తెల్లని పొడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పారిస్ నగరం చుట్టుప్రక్కల జిప్సం గనులు ఉండేవి, అందుకని ఆ పేరు.

ఈ పొడికి మళ్ళీ నీళ్ళు తగిలిస్తే ఏమవుతుంది? పోగొట్టుకొన్న నీటిని తిరిగి పుచ్చుకొంటుంది. సూదుల వంటి చిన్న చిన్న స్ఫటికాలు పుట్టి, ఒకదానిలో ఒకటి చిక్కుకొని, కొద్ది నిమిషాలలో రాయి అయి కూర్చుంటుంది. అప్పుడు కొంత వేడి కూడా పుడుతుంది. కట్టు వేసేటప్పుడు మీ అన్నయ్యకు కాలు వెచ్చబడే ఉంటుంది, అడిగి చూడు. వాడు మాట్లాడటానికి అదొక వంక.

ఇంతకు ముందు ఐరోపాలో గంజి పట్టించిన గుడ్డపట్టీలు చుట్టేవారు. మన ఇంట్లో చొక్కాకు గంజి పెట్టినట్టే. కాని అవి ఆరి గట్టిపడటానికి రెండు మూడు రోజులు పట్టేది. ఈలోగా ఎముక కదిలిపోయేది. 1851లో హాలెండు సైన్యంలో పనిచేసే ఆంటోనియస్ మతైసెన్ అనే శస్త్రవైద్యుడు ఈ తెల్లని పొడిని గుడ్డపట్టీలలో రుద్ది, తడిపి, కాలికి చుట్టాడు. నిమిషాలలో గట్టిపడింది! తరువాత క్రిమియా యుద్ధంలో పిరొగోవ్ అనే రష్యా వైద్యుడు గాయపడిన ఎందరో సిపాయిలకు ఇటువంటి కట్లు వేశాడు. మన వైపు తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు పేరు మీరు వినే ఉంటారు. అక్కడ వెదురుబద్దలు పెట్టి కట్టినా, పిండికట్టు వేసినా అసలు ఉద్దేశం ఒకటే, విరిగిన ముక్కలను కదలనీయకుండా పట్టి ఉంచటం. అయితే ముక్కలు లోపల సరిగా కూర్చున్నవో లేదో ఎక్స్‌రే లేకుండా తెలియదు, కనుక నా ఓటు ఆస్పత్రికే.

అతికించేది కట్టు కాదు సుమా! అతికించుకొనేది ఎముకే. మోకాలి క్రింద రెండు ఎముకలు ఉంటాయి. లావుపాటిది అంతర్జంఘిక, సన్ననిది బహిర్జంఘిక. విరిగినచోట మొదట రక్తం గడ్డకడుతుంది. ఆ పైన మెత్తని మృదులాస్థి రెండు ముక్కలకూ వంతెన వేస్తుంది. ఆ వంతెనలోకి సున్నపు లవణాలు చేరి గట్టి ఎముక అవుతుంది. పెద్దవారిలో కన్నా పిల్లలలో ఈ పని త్వరగా జరుగుతుంది. మీ అన్నయ్య గోడవైపు తిరిగి పడుకొన్నా, ఆ తాపీ పనివాళ్ళు మాత్రం లోపల పని ఆపరు.

ఇక రెండవ ప్రశ్న. వాడేం చూస్తాడు?

రామోజీరావు గారు 1996లో ప్రారంభించిన ఆ ఫిల్ము సిటీ వైశాల్యం 1666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో అని గిన్నెస్ పుస్తకంలోకి ఎక్కింది. అమెరికాలో డిస్నీలాండు 1955లో మొదలైనప్పుడు దాని కొరకు కొన్న స్థలం 160 ఎకరాలే. మరి 1666 ఎకరాలంటే ఇంచుమించు 6.7 చదరపు కిలోమీటర్లు. అంత చోటు కాలినడకన తిరిగి చూసేవాడెవడు? అందరూ బస్సులో కూర్చొనే చూస్తారు. బస్సులో కూర్చున్నాక, రెండు కాళ్ళు బాగున్నవాడికీ, ఒక కాలికి కట్టున్నవాడికీ కిటికీ ఒక్కటే. మా వాణ్ణి వాళ్ళ బాబాయి ఎత్తుకొని బస్సు మెట్లు ఎక్కించాడు. చక్రాల కుర్చీ మేము ఊళ్ళోనే అద్దెకు తీసుకొన్నాము. కాలు చాచి పెట్టుకొనే పలక ఉన్నదా లేదా చూసి మరీ తీసుకోవాలి. అది లేని కుర్చీ మీ అన్నయ్యకు పనికిరాదు.

ఆ ఉదయం మా వాడు కట్టు మీద తువ్వాలు కప్పుకొని కూర్చున్నాడు. ఎవరైనా చూస్తే తల త్రిప్పుకొనేవాడు. ఒకచోట సినిమా సెట్టులో రాజభవనం స్తంభాల వంటివి ఉంటే, ప్రక్కకు ఆపి చూపించాము. నేను వేలితో కొట్టి చూడమన్నాను. టకటకమని డొల్ల చప్పుడు! సినిమావారు రాతిస్తంభాలను, విగ్రహాలను రాతితో చెయ్యరు. చాలావరకు అచ్చులలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, కొబ్బరిపీచో గోనెనారో కలిపి తీస్తారు. పైన రంగు వేస్తారు. ఈ మాట చెప్పగానే వాడు తువ్వాలు తీసి అవతల పెట్టి, తన కాలి మీద కొట్టుకొని చూశాడు. మళ్ళీ స్తంభాన్ని కొట్టాడు.

"తాతయ్యా, ఇదీ అదీ ఒకటేనా?"

"ఒకటే రా. దానికి లోపల పీచు, నీకు లోపల దూది."

ఆ తరువాత కనిపించిన ప్రతి స్తంభం దగ్గరా కుర్చీ ఆగవలసిందే! తక్కిన పిల్లలకు విసుగు పుట్టింది కూడా.

అంతా ఇట్లా సంబరంగానే గడిచిందని చెబితే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. పిల్లల ఆటల దగ్గరకు వచ్చేసరికి, గిరగిరా తిరిగే ఆట ఒకటి చూసి వాడు తనూ ఎక్కుతానన్నాడు. అక్కడి పనివాడు మర్యాదగానే వద్దన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మగపిల్లవాడివి, ఏడవచ్చునా" అని మందలించటం నాకు చేతకాదు. కాసేపు ఏడవనిచ్చాము.

ఎందుకు వద్దన్నాడో మాత్రం చెప్పాను, మీకూ చెబుతాను. ఊయల బాగా ఊగి క్రిందికి వచ్చినప్పుడు ఒళ్ళు బరువెక్కినట్లుంటుంది గదా? పెద్ద పెద్ద ఆటలలో ఆ బరువు మూడింతల దాకా పోగలదు. కిలో బరువున్న కట్టు అప్పుడు మూడు కిలోల బరువై, అతుకుతున్న ఎముకను లాగుతుంది. ఇంకొక కారణం ఉన్నది, అది చాలామందికి తోచదు. నడుమ కరెంటు పోయి యంత్రం ఎత్తులో ఆగిపోతే, ఎక్కినవారు మెట్ల మీదుగా తమంత తాము దిగి రావాలి. కట్టున్నవాడు ఎట్లా దిగుతాడు? వాణ్ణి మోసుకొని దిగేవాడి ప్రాణానికీ ముప్పే. కనుక "మా వాడు గట్టివాడు, ఎక్కించండి" అని పెద్దలు బ్రతిమాలటం తగని పని.

అప్పుడు ఊరికే కూర్చోబెట్టక, నా చేతిగడియారం, ఒక నోటు పుస్తకం ఇచ్చి, రంగులరాట్నం లెక్క కట్టమన్నాను. నిమిషానికి ఆరు చుట్లు తిరిగింది. రాట్నం ఆగినప్పుడు మా పెద్దమనవరాలు అడుగులు వేసి కొలిచింది; నడిమి స్తంభం నుంచి బయటి గుర్రం సుమారు 3.5 మీటర్లు, లోపలి గుర్రం 2.1 మీటర్లు. వ్యాసార్ధాన్ని రెండు పెట్టి, 22/7 పెట్టి గుణిస్తే చుట్టుకొలత వస్తుంది. బయటి గుర్రం చుట్టుకు 22 మీటర్లు, లోపలిది 13.2 మీటర్లు. అంటే రెండు గుర్రాలూ జంటగా బయలుదేరి, జంటగా ఆగినా, నిమిషంలో ఒకటి 132 మీటర్లు, రెండవది 79 మీటర్లు పోతుంది! "నువ్వు లోపలి గుర్రం ఎక్కి అయిదు పాళ్ళలో మూడు పాళ్ళే తిరిగావు, డబ్బు మాత్రం పూర్తిగా ఇచ్చావు" అని వాడు చెల్లెల్ని ఏడిపించాడు. ఆ పిల్ల వెంటనే పోయి బయటి గుర్రం ఎక్కింది.

మధ్యాహ్నం రెండు గంటలకు చూస్తే కాలివేళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇది బాగా వినండి. కాలు ఎంతసేపు క్రిందికి ఉంటే అంత నీరు దిగుతుంది. కట్టు సాగదు. లోపల కాలు ఉబ్బితే నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోతాయి. అందుకని గంటకొకసారి వేళ్ళు చూడాలి. బొటనవేలి గోరు నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకండ్లలో తిరిగి ఎర్రబడాలి. వేళ్ళు వెచ్చగా ఉండాలి, కదలాలి. మా వాడికి ఇవన్నీ సరిగానే ఉన్నాయి. చెట్టునీడన దుప్పటి పరచి పడుకోబెట్టి, సంచుల మీద కాలిని గుండెకన్నా ఎత్తుగా పెట్టాము. గంటలో వాపు తీసింది. అట్లా తియ్యకపోయినా, వేళ్ళు నీలంగా, చల్లగా అయినా, తిమ్మిరి పట్టినా, నొప్పి పెరిగిపోతున్నా ఇక ఆటలూ లేవు, టిక్కెట్లూ లేవు. వెంటనే ఆస్పత్రికి పోవలసిందే. ఆ గంటసేపూ ముగ్గురు పిల్లలూ ఇరవై నిమిషాల వంతున వాడి దగ్గర కూర్చున్నారు. చిన్నవాడు గొణుక్కుంటూనే కూర్చున్నాడనుకోండి.

నీళ్ళు చిమ్మే ఆటల దగ్గరకు కుర్చీని పోనీయవద్దు. "వినాయక చవితికి చేసే ప్లాస్టర్ బొమ్మలు హుస్సేన్‌సాగరంలో నెలల తరబడి కరగవు, మరి కట్టుకు నీళ్ళంటే భయమెందుకు?" అని తెలివైనవాడు అడుగుతాడు. బొమ్మ కరగకపోయినా మెత్తబడుతుంది, దానికి ఫరవాలేదు. పలుచని కట్టు మెత్తబడితే ఎముకను పట్టి ఉంచలేదు. పైగా లోపలి దూది తడిసి చర్మం పాచిపోతుంది. ఈ రోజుల్లో వేసే రంగురంగుల ఫైబరు కట్టు పైన మెత్తబడదు గాని, దాని లోపల కూడా దూది ఉండవచ్చు. దురద పుడితే స్కేలూ, అల్లికసూదీ లోపలికి దూర్చవద్దు. చర్మం గీసుకొంటే ఆ పుండు ఎవరికీ కనపడదు.

ఎవరూ బయటకు చెప్పుకోని ఇబ్బంది ఒకటున్నది, మరుగుదొడ్డి. తొడదాకా కట్టున్నవాడు క్రింద కూర్చోలేడు. కుర్చీ వంటి దొడ్డి కావాలి, నాన్న వెంట ఉండాలి. మీ అన్నయ్య రానని మొండికేస్తే, అసలు కారణం ఇదే కావచ్చు. నాన్ననే ఒంటరిగా అడగమను. రైలులో క్రింది బెర్తు వాడిది. చీకటి పడకముందే ఇంటిముఖం పట్టాలి; మేము నాలుగున్నరకే బయలుదేరాము, పిల్లలు ముఖాలు ముడుచుకొన్నా సరే.

మీ అమ్మ భయపడటంలో తప్పులేదమ్మా. జనం తోసుకుంటారని, ఎండ అని, వాపు అని ఆమె భయం. ఈ పేజీ ఆమెకు చదివి వినిపించు. పనులు ఎవరెవరు చేస్తారో నువ్వూ నాన్నా ముందే పంచుకొని చెబితే, ఆ భయం కొంత తగ్గుతుంది. వాడి వంతు కూర్చోవలసి వచ్చినప్పుడు నీ ఆట ఒకటి పోతుంది. అది ఇప్పుడే ఒప్పుకో.

మూడవ ప్రశ్న తేలిక. వ్రాయవచ్చు. కట్టు పూర్తిగా ఆరి ఉన్నది గనుక స్కెచ్చి పెన్నుతో వ్రాయి. రంగులు పూయవద్దు, గాలి ఆడదు. పాదం వైపు వ్రాస్తే వాడికి కనపడదు. మోకాలి పైన, వాడు చదువుకొనేటట్లు, అక్షరాలు వాడివైపు తిప్పి వ్రాయి.