కానాగంతకో కొలత, వంజరానికో కొలత

నెల్లూరు తీరంలోని మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట రేవుల్లో కానాగంత అడిగినవారికి ఎవరూ వంజరం చూపించరు. మత్స్యకారుల పట్టపుపాలేల్లో చిన్నపిల్లలకు కూడా ఆ తేడా తెలుసు. ఆ చేపలే ఐసు పెట్టెల్లో నగరాలకు చేరి ప్యాకెట్లలోకి మారేసరికి ఒకటి ‘మాకరెల్’, ఇంకోటి ‘కింగ్ మాకరెల్’ అయిపోతాయి. తోక పక్కన గరుకు పొలుసుల వరస ఉండే పార జాతి చేప ‘హార్స్ మాకరెల్’ అవుతుంది. కొనేవాళ్లు అన్నీ ఒకే చేపలో చిన్నా పెద్దా అనుకుంటారు. ఈ పొరపాటు వల్ల ఎక్కువగా నష్టపోయేది వంజరమే అని నా వాదన.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కానాగంత వీపు మీద సన్నటి నల్లచారలు పొడుగ్గా సాగుతాయి, పక్కరెక్క కింద ఒక నల్లమచ్చ ఉంటుంది. నోరు తెరిస్తే మొప్పల నుంచి దువ్వెన పళ్లలాంటి పొడుగాటి ముళ్లు కనిపిస్తాయి. సముద్రంలో తేలే సూక్ష్మజీవులను అవి వడగట్టి పెడతాయి. వంజరానికి ఆ పని లేదు. అది కత్తుల్లాంటి పళ్లతో ఇతర చేపలను వేటాడి తింటుంది, ఒంటి మీద చారలు అడ్డంగా ఉంటాయి. కానాగంత సాధారణంగా 35 సెంటీమీటర్లు దాటదు, 20కి అటూ ఇటూగా గుడ్లకొస్తుంది. వంజరం రెండు మీటర్లు దాటి పెరగగలదు, దాదాపు 70 సెంటీమీటర్లు వస్తేగాని గుడ్లు పెట్టదు. అంటే 40 సెంటీమీటర్ల వంజరం ఇంకా పసికూనే. కానాగంతను చూసి అలవాటైన కంటికి మాత్రం అది బాగా ఎదిగిన చేపలా కనిపిస్తుంది.

కేరళ 2015లో కానాగంతకు కనీస కొలత 14 సెంటీమీటర్లని ప్రకటించింది. మన రేవుల్లోనూ అలాంటి కొలతలు గట్టిగా అమలు కావాలి, అదీ జాతికొకటి చొప్పున. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉందిగా అంటారు. ఆ రెండు నెలలు చేపకు ఊపిరి దొరుకుతుంది, నిజమే. కానీ జూన్ 15న పడవ కడలిలోకి దిగాక లేత వంజరాన్ని ఆ నిషేధం కాపాడలేదు.

వలకు కళ్లుండవు, పడిందాన్ని ఏం చేయమంటారని వేటగాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. భారమంతా వాళ్ల నెత్తిన వేయడం తప్పు. కానీ వల కన్ను ఎంతుండాలో నిర్ణయించేది చివరికి గిరాకీ. లేత వంజరానికీ మంచి ధర పలికినన్నాళ్లు సన్నకన్ను వల పోదు. ఆ గిరాకీ మారాలంటే కొనేవాళ్లకు తేడా తెలిసేలా ప్యాకెట్ మీద సరైన పేరుండాలి. ఊరికో పేరుంటే ప్యాకెట్ మీద ఏది వేయాలని వ్యాపారులు అంటారు. ఉత్తరాంధ్రలో వంజరాన్ని కోనెం అంటారు కదా. ఈ పేర్ల గందరగోళానికి మందు శాస్త్రీయ నామం. యూరోపియన్ యూనియన్ 2013 నాటి నిబంధనతో అమ్మకపు పేరు పక్కన దాన్నీ తప్పనిసరి చేసింది. మనకైతే అది పరాయిదీ కాదు. ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖ చేపలను తెలుగు పేర్లతో నమోదు చేసిన 1803 నాటి గ్రంథం ఆధారంగా ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే పెట్టిన ‘కనగుర్త’ ఈనాటికీ కానాగంత శాస్త్రీయ నామంలో నిలిచే ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ పేర్ల తేడా ఆరోగ్యం సంగతి కూడా. అక్కడి ఆహార, ఔషధ సంస్థ పాదరసం ఎక్కువని గర్భిణులను కింగ్ మాకరెల్ తినవద్దంటుంది. అట్లాంటిక్ మాకరెల్‌ను మాత్రం మేలైన చేపల జాబితాలో పెట్టింది. ఉత్త ‘మాకరెల్’ అని రాసుంటే ఏది తినాలో, ఏది మానాలో ఎలా తెలుస్తుంది?

మత్స్యశాఖ ముందుగా రేవుల్లో వేలంపాట జరిగేచోట చేప బొమ్మ, పేరు, కనీస కొలత ఉన్న బోర్డులు పెట్టాలి. కొనేవాళ్లు కూడా పులుసుకైనా వేపుడుకైనా చిన్న వంజరాన్ని వదిలి, ఆ పూటకు కానాగంత తీసుకోవాలి.