ఆంగ్లవాక్యము - ఆకాంక్షావిచారము

మన ప్రాచ్యకళాశాలలలో ఆంగ్లరచనారీతులను బోధించునపుడు 'మెటఫర్ అనగా రూపకము, సిమిలీ అనగా ఉపమ, హైపర్బోలీ అనగా అతిశయోక్తి' అని ఒక పట్టిక వ్రాయించి ముగించుట పరిపాటియైనది. ఈ పట్టిక పరీక్షకు ఉపకరించునేమో కాని, ఉభయశాస్త్రములకును అపకారమే చేయుచున్నదని నా అభిప్రాయము.

కువలయానందము చదివిన విద్యార్థికి అతిశయోక్తిభేదములలో రూపకాతిశయోక్తి సుపరిచితము. 'ఈ వీరుడు సింహము' అన్నచో రూపకము. వీరుని పేరెత్తక, అతనినే ఉద్దేశించి 'సింహము వచ్చినది' అన్నచో ఉపమేయము నిగీర్ణమై రూపకాతిశయోక్తి యగును. ఆంగ్లేయులకు ఈ రెండును మెటఫరే. కనుక వారి మెటఫర్ మన రూపకముకంటె విశాలము. వారి హైపర్బోలీ మన అతిశయోక్తికంటె సంకుచితము. ఇక రాజ్యాధికారమును 'కిరీటము' అను మెటానమీ మనకు అలంకారమే కాదు. అది 'గంగలో గొల్లపల్లె' అన్నట్టి లక్షణావృత్తి. వృత్తినిరూపణమున చెప్పవలసినదానిని అలంకారముల వరుసలో కూర్చుండబెట్టుట ఏమి న్యాయము?

పేర్లు మార్చుట ఆంగ్లేయులకును అచ్చిరాలేదు. 1589లో ప్రకటితమైన, పుటెన్‌హామ్ కృతిగా భావింపబడు అలంకారగ్రంథమున గ్రీకు నామములకు బదులు దేశీయనామములు కల్పింపబడినవి. అవి నిలువలేదు. నేటికిని వారు గ్రీకు పేర్లనే వాడుచున్నారు. మనమును ఆ పేర్లను అట్లే ఉంచి, లక్షణమును మాత్రము మన పరిభాషలో వివరించుట మేలు.

వాక్యభేదముల విషయమున మన శాస్త్రము మరింత ఉపకరించును. సామాన్య, సంయుక్త, సంక్లిష్టవాక్యముల విభాగము తెలుగు వ్యాకరణములలోనికిని వచ్చినది కనుక విస్తరింపను. పీరియాడిక్, లూస్ అను విభాగమే విచారణీయము. ప్రధానాంశమును తుదివరకు ఆపి, శ్రోత ఆకాంక్షను చివరనే తీర్చునది పీరియాడిక్ వాక్యము. 1667లో వెలువడిన మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' ఆరంభమున ప్రధానక్రియ ఆరవపాదమున కాని రాదు. ఆంగ్లమున క్రియ ముందుగా వచ్చుట సహజము గనుక ఈ విలంబము చమత్కారజనకమైనది. తెలుగున క్రియ తుదినుండుటయే సహజము. అందుచే ఆ పాదములను మాటకుమాటగా తెనిగించినచో అర్థము మిగులును, విలంబము మాయమగును. ఈ సంగతి చెప్పక మిల్టన్ శైలిని పాఠము చెప్పుట వ్యర్థము.

లూస్ వాక్యము దీనికి విపరీతము. 'ఆయన ఊరు విడిచెను, వెనుదిరిగి చూడక, చేతిసంచియైనను లేక' అన్నచో మొదటి మూడుపదములతోనే ఆకాంక్ష శమించినది, తక్కినది అనుబంధము. కావ్యప్రకాశము చదివినవారికి వెంటనే 'సమాప్తపునరాత్తము' అను దోషము స్ఫురించును. అయినను తొందరపడి ఆంగ్లశైలిని దూషింపరాదు. విశేషణమాత్రమును చేర్చుటకు కాక, వాక్యాంతరమునే ఆరంభించినచో అది గుణమును కాదు, దోషమును కాదని మమ్మటుడే మినహాయించినాడు. ఆంగ్లమున పదక్రమమే అన్వయనిర్ణాయకము. విశేషణములు పెక్కులైనపుడు క్రియకు వెనుక నిలువక వాటికి వేరు గతి తరచుగా లేదు. సంస్కృతమున విభక్తులు కాపాడుచుండగా కవికి అట్టి నిర్బంధము లేదు. దోషత్వము భాషాప్రకృతిని బట్టి నిర్ణయింపదగినది.

నల్లబల్లపై ఆంగ్లవాక్యము నొకదానిని వ్రాసి, ఆకాంక్ష ఎచ్చట శమించినదో అచ్చట గీత గీయుమనుడు. తర్కసంగ్రహము చదివిన బాలుడు ఈ భేదమును ఒక గంటలో గ్రహింపగలడు.

పునరుక్తివిషయమును ఇట్టిదే. 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో లింకన్ చేసిన ప్రసంగపు తుదివాక్యమున 'ప్రజలు' అను పదము మూడు వేర్వేరు సంబంధములతో మూడుమారులు వచ్చును. మొదటిచూపునకు ఇది కథితపదదోషము. కాని శబ్దార్థములు అవియేయై అన్వయమాత్రమున భేదించుటచే లాటానుప్రాసచ్ఛాయ స్పష్టము; అట్టిచోట కథితపదము గుణమేయని ఆలంకారికుల మతము. పట్టికలో ఎపిస్ట్రఫీ అను పేరు మాత్రము నేర్చినవాడు ఆ పదము మూడుమారులు ఏల వచ్చినదో చెప్పలేడు.