పిట్టల గింజలతో పిట్టల చేను

కొర్రలు నేడు మన పట్టణాలలో రెండు రకాల దుకాణాలలో లభిస్తున్నాయి. మొదటి దుకాణంలో వాటి పేరు సిరిధాన్యం. పొట్టు తీసి, అందమైన సంచిలో నింపి, మధుమేహం ఉన్నవారికి మంచిదని అమ్ముతారు. రెండవ దుకాణంలో పంజరాల పక్కన, పొట్టుతోనే, లవ్‌బర్డ్స్ మేతగా అమ్ముతారు. ధర సహజంగానే రెండవచోట తక్కువ. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత మొదటి దుకాణానికి గౌరవం మరింత పెరిగింది. ఈ టపాలో నేను మాట్లాడదలచినది రెండవ దుకాణం గురించి. ఎందుకంటే పొట్టు తీసిన బియ్యం మొలవదు. మొలిచేది పిట్టలకమ్మే ఆ గింజే.

ఆ చవక గింజను కొని, అడవి పిట్టల కోసం ఒక చిన్న చేను వేయవచ్చునా? అమెరికాలో ఇటువంటి మేత మడులు మామూలే. కానీ అక్కడ వాటిని పెంచేవారిలో చాలామంది వేటగాళ్ళు. జింక కోసమో, గువ్వల కోసమో వేస్తారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత ఆ అవసరం లేదు. కాబట్టి మనం వేసే చేనుకు మరొక ధర్మం ఉండాలి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వేయవచ్చు, వేయాలి కూడా. అయితే మన సొంత పొలం గట్టువారనే వేయాలి. కొండమీద, అడవిలో, పశువుల బీడులో చల్లరాదు.

ముందు గింజ సంగతి. విత్తనాల దుకాణంలో కొనే సంకరజాతి జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు గింజలకు మందు పట్టించి రంగు పూస్తారు. నేలపై మిగిలిన అటువంటి గింజను తిన్న పిట్ట బతకడం కష్టం. పిట్టలకు మేతగా అమ్మే గింజకు ఆ మందు ఉండదు. సంకర సజ్జ నుండి వచ్చిన గింజను తిరిగి విత్తితే చేను ఎగుడుదిగుడుగా వస్తుందని రైతు వెనుకాడతాడు. పిచ్చుకకు, గిజిగాడికి ఆ పట్టింపు లేదు. కంకి ఉంటే చాలు.

అయితే చవక గింజలో కలుపు విత్తనాల బెడద ఉంది. మన మన్యంలో వలిసెలని పిలిచే వెర్రినువ్వులు అమెరికాకు పిట్టల మేతగా ఎగుమతి అవుతాయి. బంగారు తీగ వంటి కలుపు విత్తనాలు మొలుస్తాయన్న భయంతో అక్కడ ఆ గింజను వేడి చేసిన తరువాతే అమ్మనిస్తారు. ఆ జాగ్రత్త మనకూ అవసరమే. కొర్ర, సజ్జ, జొన్న కలిపిన సంచి కంటే ఒకే గింజ ఉన్న సంచి మేలు. చేటలో పోసి చెరిగి, నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి నాలుగైదు రోజులు ఉంచితే ఎన్ని మొలుస్తాయో తెలుస్తుంది. సగం కూడా మొలవకపోతే ఆ సంచిని పిట్టలకు అలాగే పెట్టడం నయం.

ఇక ఎక్కడ వేయాలన్నది. మా బేతంచెర్ల చుట్టూ చాలాచోట్ల నేల కింద నాపరాయి, పైన పలుచని మన్ను. ఇటువంటి నేలలో తొలకరికి కొర్ర వేస్తే మూడు నెలల లోపే కంకి పండుతుంది. నంద్యాల పరిశోధనా స్థానం వారి 'సూర్యనంది' కొర్ర ఇంకా త్వరగా చేతికి వస్తుంది. వరుసల్లో విత్తితే ఎకరానికి రెండు కిలోలు చాలంటారు. పిట్టల మడికి ఎకరం అక్కరలేదు గనుక ఖర్చు లెక్కలోకి రాదు.

గట్టువార అని నేను పట్టుబట్టడానికి కారణముంది. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్ళు వైరస్ తెగులు ఊడ్చిపెట్టింది. ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో దాగి, తామరపురుగుల ద్వారా చేనుకు చేరుతుంది. అడ్డుగా చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న గానీ సజ్జ గానీ వేయమని శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ నాలుగు వరుసలే నా దృష్టిలో రాయలసీమకు తగిన పిట్టల మడి. రెండు వరుసలు కోసుకుని, రెండు వదిలేస్తే చాలు. పంటకు కాపలా, పిట్టకు మేత. నన్నడిగితే జొన్న కంటే సజ్జ మేలంటాను. వానలు వెనుదీసినప్పుడు లేత జొన్నలో విషం చేరుతుంది. దాన్నే మనవాళ్ళు నాము అంటారు. గట్టున మేసే గొర్రెకో ఎనుముకో అది ప్రాణాంతకం. సజ్జతో ఆ భయం లేదు.

బీడులో వద్దనడానికి మా జిల్లాలోనే పాఠముంది. బట్టమేక పిట్ట కోసం రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం ఏర్పడింది. ఆ పిట్ట గింజలూ తింటుంది, మిడతలూ తింటుంది, రేగుపళ్ళూ తింటుంది. కానీ ఒకే ఒక్క గుడ్డును కటిక నేలమీద పెడుతుంది. దానికి కావలసింది విశాలమైన గడ్డిబీడు, చుట్టూ మెట్టపంటలు. బీడు తగ్గి, చుట్టుపక్కల సాగు తీరు మారిపోయాక బట్టమేక అరుదై, చివరకు అక్కడ కనుమరుగైంది. కడప జిల్లా లంకమల్లలో 1986లో మళ్ళీ కనబడిన కలివికోడి సంగతీ అంతే. అది పురుగులు తినే పిట్ట. దానికి పొదల మధ్య ఖాళీ నేల కావాలి. బీడును దున్ని కొర్ర చల్లేవాడు ఊరపిచ్చుకకు పెట్టే మేతకు బట్టమేక ఇంటిని ఖర్చు చేస్తున్నాడు. పైగా పిచ్చుక కూడా తన పిల్లలకు పెట్టేది పురుగులనే. అందుచేత ఆ రెండు వరుసలపై మందు కొట్టరాదు.

మారుమూల చోట మేత పెట్టడంలో మరొక అపాయం ఉంది. కౌజులు, పూరేళ్ళు ఒకచోట చేరితే ఉచ్చులు పట్టుకుని తిరిగేవారికి శ్రమ తగ్గుతుంది. రోజూ మన కాలు పడే పొలమైతే ఆ ఉచ్చు మన కంటబడుతుంది.

'మనిషికే గింజ చాలని సీమలో పిట్టలకు చేనా?' అని మీలో కొందరు అడగవచ్చు. సబబైన ప్రశ్న. మంచె ఎక్కి వడిసెల తిప్పి పిట్టలను తోలిన రైతు క్రూరుడు కాడు. అతడి ఏడాది తిండి ఆ కంకుల్లో ఉండేది. నేడు కూడా కౌలు రైతును రెండు వరుసలు వదలమనే హక్కు నాకు లేదు. నెమళ్ళు, అడవిపందులు నా మడికి వచ్చి పక్కవాని వేరుశనగ పెళ్ళగిస్తే నా పుణ్యానికి అతడు వెల చెల్లించినట్లే. కనుక ఈ పని మొదట చేయవలసినవారు పొలం ఉండీ దాని పంటపై బతకనివారు: నగరాలలో, పరదేశాలలో ఉద్యోగం చేస్తూ ఊళ్ళో నాలుగెకరాలు కౌలుకిచ్చిన మనబోటివారు. ఆ రెండు వరుసల పంట విలువ కట్టి కౌలులో తగ్గించండి. పొరుగు రైతును ముందే అడగండి. ఆయన వద్దంటే మానండి. పిట్టమీద ప్రేమ ఉన్నవాడే ఆ ఖర్చు భరించాలి తప్ప దాన్ని గట్టు అవతలివాని నెత్తిన పెట్టరాదు.

సంచి గింజలు, రెండు వరుసలు, తగ్గిన కౌలు. నేను కోరేది ఇంతే. దీనితో ఏకీభవించనివారు, ముఖ్యంగా పొలం చేస్తున్నవారు, నిర్మొహమాటంగా రాయండి. మీ వైపు గట్లమీద ఏ గింజ వేస్తారో, ఏ పిట్టలు వాలుతాయో కూడా చెబితే సంతోషిస్తాను.