మూత పెడితే బాయి బాగుపడతదా?

జవహర్‌నగర్ చెత్తగుట్ట మీద మట్టి, ప్లాస్టిక్ పొరలు కప్పి పైన గడ్డి పెంచిన్రు. సార్లు వచ్చి చూసి, ఫొటోలు దిగి పోతరు. పైన పచ్చగనే ఉన్నది. మరి కింద?

ఒకప్పుడు శామీర్‌పేట మండలం, 2016 నుంచి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా. ఏ పేరు పెట్టినా, 2000ల తొలి ఏండ్ల నుంచి నగరం చెత్తంతా ఆ ఊరి నెత్తినే పడ్డది. ఉమ్మడి పాలకులు ఎంచుకున్న జాగ అది. 2009లో జీహెచ్‌ఎంసీ ఒక ప్రైవేటు కంపెనీతో ఒప్పందం రాసుకున్నది. 2014లో స్వరాష్ట్రం వచ్చింది, లారీల రూటు మారలేదు. కోటీ ఇరవై లక్షల టన్నుల పాత గుట్టకు 2020లో మూత పూర్తయింది. అదే ఏడు చెత్తతో కరెంటు తీసే ప్లాంటు, 2022లో మల్కారం చెరువు కాడ లీచేట్ శుద్ధి ప్లాంటు వచ్చినయి. ఇవి చెడ్డ పనులని మేం అనం. కానీ వీటిని చూపి సమస్య తీరిందంటే మాత్రం ఒప్పుకోం.

లీచేట్ అంటే చెత్త కుళ్లి కారే నల్లరసం. అందులో నిండుగ ఉండేది అమ్మోనియా. గాలి ఆడే మట్టిలో అది నైట్రేట్‌గా మారుతది. అమ్మోనియాను మట్టి కొంతన్న పట్టి ఉంచుతది, నైట్రేట్‌ను పట్టలేదు. నీళ్లు ఎటు పోతే అటు పోతది. మన కింద ఉన్నది గ్రానైట్ బండ. దాని పగుళ్లలోకి దిగిన నైట్రేట్ ఎవరి బోరులో తేలుతదో ప్రహరీ కట్టినోళ్లకు కూడా తెల్వదు. మూత రేపటి వానను ఆపుతది, నిన్న దిగినదాన్ని బయటకు తీయదు.

దీనికి రంగు లేదు, వాసన లేదు. మరగబెడితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కనైతది. తాగునీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దని బీఐఎస్ ప్రమాణం. దాటితే ముందు దెబ్బ ఆర్నెల్లలోపు పసిపిల్లలకు. ఆ నీళ్లతో డబ్బాపాలు కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలబడతది.

ఆర్వో పెట్టుకోండి అంటరు. ఆర్వో నైట్రేట్‌ను వేరు చేస్తది, మాయం చేయదు. అది వదిలేసిన నీళ్లు మోరీలోకి, మోరీ నుంచి మళ్ల భూమిలోకే. నైట్రేట్‌ను ఖతం చేసే బ్యాక్టీరియా వేరే ఉన్నది. గాలి అందని చోట దానికి తిండిగ కార్బన్ ఇస్తే, నైట్రేట్‌ను ఉత్త నత్రజని చేసి గాలికి వదులుతది. బెల్లం మడ్డి, రంపపు పొట్టు కూడా ఆ తిండికి పనికొస్తయి. కెనడాలోని ఒంటారియోలో 1990లలోనే భూగర్భజలం దారికి అడ్డంగ కందకం తవ్వి, రంపపు పొట్టు నింపి చూపిన్రు. మన బండలో కందకం కుదరకపోతే గుట్ట దిగువన బోర్లేసి, తోడి, ట్యాంకుల్లో శుద్ధి చేయాలె. ఏండ్లు పడతది, పైసలైతయి. అందుకే ఎవరూ నోరు తెరవరు.

పైసలెవరియ్యాలె? రాజస్థాన్‌లోని బిచ్రి ఊరి బావులను రసాయన కంపెనీలు పాడుచేస్తే, బాగుచేసే ఖర్చు పాడుచేసినోళ్లదేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏండ్ల తరబడి ఎగ్గొడితే 2011లో వడ్డీతో కట్టమన్నది. ఇక్కడ ఒప్పందం చేసుకున్న కంపెనీ ఉన్నది, కార్పొరేషన్ ఉన్నది. చెత్త మాత్రం మనది. ఉద్యోగ మిత్రులారా, పొద్దున మీ కాలనీకొచ్చే చెత్త ఆటో ఎటు పోతదో ఎన్నడన్న అడిగిన్రా?

2011 సకలజనుల సమ్మెలో మేము విద్యార్థులం. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు పోయేదాక అరిచినం. నీళ్లంటే కృష్ణా, గోదావరి వాటాలే అనుకున్నం. ఇంటి ముందరి బోరును మరిచినం. ఆ తప్పు మాది కూడా.

ప్రహరీ లోపలి ప్లాంటు లెక్కలు మాకొద్దు. ప్రహరీ బయట మల్కారం, దమ్మాయిగూడ, చీర్యాల బోర్లలో నైట్రేట్ ఎంత, అమ్మోనియా ఎంత, నెలనెలా వార్డు ఆఫీసు గోడ మీద రాయాలె. కాలుష్య నియంత్రణ మండలి రాయకుంటే ఉస్మానియా కెమిస్ట్రీ, జియాలజీ తమ్ముళ్లు, చెల్లెళ్లు రాయాలె. వానకాలం ముందొకసారి, తర్వాతొకసారి నమూనాలు తీయాలె. సీసాలు పట్టుకొని మేము కూడా వస్తం.