రింగులు కొనే ముందు సిలిండర్ కొలిపించండి

అన్నలారా, కోతలైపోయి ట్రాక్టర్లు షెడ్డుకు పోయే రోజులివి. నీలం పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది అనగానే "రింగులు మార్చేస్తే సరిపోద్ది" అంటారు. మనం తలూపేస్తాం. సిలిండర్ బోరు కొలవకుండా రింగులకు డబ్బులివ్వొద్దని నేనంటాను. బోరంటే చేలో బోరు కాదులెండి.

సిలిండర్ అంతటా ఒకేలా అరగదు. వేడి, ఒత్తిడి ఎక్కువుండి ఆయిల్ సరిగా అందని పైభాగంలోనే ఎక్కువ అరుగుద్ది. హెడ్డు విప్పాక పైన గోరు పెట్టి చూడండి, గట్టు తగులుద్ది. షెడ్డులో బోరు గేజి లేదంటే పాత రింగే చాలు. దాన్ని గట్టుకు కాస్త కింద పెట్టి, పిస్టన్ తలతో వంకర లేకుండా నెట్టి, రింగు కొసల సందు ఫీలర్ గేజితో కొలవండి. మళ్లీ సిలిండర్ అడుగున కొలవండి. పైన 0.90, కింద 0.45 మి.మీ. వచ్చిందనుకోండి. తేడా 0.45. దాన్ని మూడుతో భాగిస్తే 0.15. పైన అంత లావు తిరిగిపోయిందన్నమాట.

కంపెనీ పుస్తకంలో ఇచ్చిన హద్దు దాటితే కొత్త రింగులు వేసినా పొగ మళ్లీ వస్తుంది. లైనర్, పిస్టన్, రింగులు సెట్టుగా మార్చాల్సిందే, లేదా రీబోరు చేయించి అదే సైజు పిస్టన్, రింగులు వేయించాలి. కొందరు ఓవర్‌సైజు రింగు కొసలు ఆకురాయితో రాకి, అరిగిన బోరులోనే దూరుస్తారు. గుండ్రం పోయిన బోరులో ఆ రింగు చుట్టూ ఆనదు. అది మాత్రం ఒప్పుకోకండి.