ఒక్క అక్షరం తేడాకు వైద్యం ఆగరాదు

వైద్యశాల వాకిలి నేడు ఫోనులో తెరుచుకుంటున్నది. కేంద్ర ప్రభుత్వం 2019లో ఆరంభించిన ఈ-సంజీవని ద్వారా పల్లెలోని ఆరోగ్య కేంద్రం నుంచే నిపుణుడైన వైద్యుని సలహా పొందవచ్చు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ‘ఆభా’ సంఖ్య తీసుకున్నవారు పరీక్షల నివేదికలను, మందుల చీటీలను ఫోనులోనే చూసుకోవచ్చు. పాత కాగితాల సంచి పట్టుకొని కోదాడ నుంచి హైదరాబాదుకు తిరిగే రోగికి, ఒక్కరోజు కూలి పోతే పూట గడవని మిర్యాలగూడ రైస్ మిల్లు హమాలీకి ఇది చిన్న మేలు కాదు. వైద్యం కోసం అప్పులపాలైన కుటుంబం మొదట పిల్లల చదువు మాన్పిస్తుంది. అందుకే వర్ధమాన దేశాల సుస్థిర ప్రగతికి అందరికీ అందే వైద్యం పునాది. 2030 నాటికి దానిని సాధించాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యాలలో ఒకటి.

అయితే ఈ వాకిట్లో మనవారు ఎక్కడ ఆగిపోతున్నారో కూడా చెప్పాలి. ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య బతికిన మాకు ఆ చోటు బాగా తెలుసు. ఒక కార్డులో ‘మహమ్మద్’, మరొక కార్డులో ‘ఎండీ’. ఒకచోట ‘షేక్’ పేరుకు ముందు, మరొకచోట వెనుక. పెళ్లికి ముందు ‘బీ’, తరువాత ‘బేగం’. గుమాస్తా అయితే మనిషిని చూసి ఒకరేనని గ్రహిస్తాడు. యంత్రం అక్షరాలనే చూస్తుంది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. రేషన్ కార్డుకు, ఆధార్‌కు పేరు కుదరక శస్త్రచికిత్స వాయిదా పడితే, ఆ 10 లక్షలు ఎవరికి?

మరొక అడ్డంకి మన ఇళ్లలోనే ఉన్నది. అమ్మీ పేరున నమోదైన నంబరు కొడుకు జేబులో ఉంటుంది. కొడుకు ఊరిలో ఉండడు. ఓటీపీ అక్కడికి, నొప్పి ఇక్కడ!

ఇది మన ఒక్కరి గోడు కాదు. కోవిన్ పోర్టల్‌లో నమోదునే తప్పనిసరి చేస్తే డిజిటల్ సౌకర్యం లేనివారు టీకాకు దూరమవుతారని 2021 మే 31న సుప్రీంకోర్టు ఆందోళన వ్యక్తపరచింది. ఆభా కూడా స్వచ్ఛందమే. అది లేదని ఎవరికీ వైద్యం నిరాకరించరాదు. వ్యక్తిగత సమాచారానికి అంగీకారం కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలని 2023 నాటి చట్టం చెబుతున్నది. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నవే. చదవకుండా వేలిముద్ర వేయవలసిన అగత్యం ఎవరికీ లేదు.

ప్రభుత్వాన్ని మేము కోరేది ఇదే: ప్రతి ప్రభుత్వాసుపత్రిలో ఫోను లేనివారి కోసం మనిషి కూర్చునే కౌంటరు ఉండాలి, చికిత్స ముందు, పేరు సవరణ తరువాత జరగాలి.

మన పని కూడా మనం చేయాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మస్జిద్ కమిటీలు నెలకొక జుమా నమాజు తరువాత ఒక బల్ల వేయించాలి. చదువుకున్న యువతీయువకులు అక్కడ కూర్చొని ఇంటింటి కార్డులలోని పేర్లు సరిచూడాలి. సవరణ దరఖాస్తులు నింపాలి. స్త్రీల కోసం మొహల్లాలోని ఏదో ఒక ఇంట్లో ఇదే ఏర్పాటు చేయాలి. వచ్చేవారు ఏ మతస్థులని అడగవద్దు. జబ్బు వచ్చిన రాత్రి కార్డులు వెదకడం కంటే ఆరోగ్యంగా ఉన్న పగలే అక్షరం దిద్దుకోవడం మేలు.