మందదృష్టి గల విద్యార్థులు - మన కర్తవ్యము

లోకమునందు కన్నులు కలవారు, కన్నులు లేనివారు అని రెండు తెగలవారే కలరని మనలో పెక్కురు తలంచుచుందురు. ఈ రెండింటి నడుమ మూడవ తెగ యొకటి కలదు. వీరికి వెలుతురు తెలియును. మనుష్యులను, చెట్లను, దారిని గుర్తింపగలరు. కాని నల్లబల్లమీది వ్రాత కనబడదు, పుస్తకములోని పంక్తి మసకగా నుండును. వైద్యము జరిగినను, మంచి కండ్లద్దములు పెట్టుకొన్నను ఆ కొరత పూర్తిగా తీరదు. దీనినే మందదృష్టి యందురు. ఇట్టి బాలబాలికలు తరగతిలో తక్కినవారి ప్రక్కనే కూర్చుండి చదువుకొనుచుందురు. వారియెడల మనము నడచుకొనవలసిన తీరునుగూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, తగిన అద్దములు పెట్టుకొన్న పిమ్మటను రెండు కన్నులలో మేలైనదాని చూపు 6/18 కంటె తగ్గి 3/60 వరకు ఉన్నచో, లేక చూపు మేర 40 డిగ్రీలకు లోపుగా 10 డిగ్రీల వరకు కుంచించుకొనిపోయినచో అది మందదృష్టి యగును. 3/60 అనగా, సామాన్యమైన చూపు గలవాడు 60 మీటర్ల దూరమునుండి గుర్తించు అక్షరమును ఇతడు 3 మీటర్ల దూరమునకు వచ్చి గుర్తించును. చూపు మేర కుంచించినవాడు గొట్టములోనుండి చూచినట్లు చూచును. అట్టివాడు సన్నని అక్షరమును చదివియు, కాలిక్రింది బెంచీని తట్టుకొని పడవచ్చును. అది చూచి, "చదువుటకు కన్నులున్నవి గాని బెంచీ కనబడలేదా?" యని తోడివారు నవ్వుదురు. అతడు నటించుచున్నాడని పెద్దలును అనుమానింతురు. చూపు తక్కువ యగుటకంటె ఈ అనుమానమే ఆ బాలుని ఎక్కువ బాధించునని మా యభిప్రాయము.

ఇక ఇండ్లలో తరచుగా వినబడు మందలింపు ఒకటి కలదు: "పుస్తకము ముక్కుకు ఆనించి చదువకుము, ఉన్న చూపును పోవును." చూపు దీపములోని నూనెవంటిదనియు, వాడినకొలది తరిగిపోవుననియు ఈ మాటకు మూలమైన నమ్మకము. ఒకప్పుడు విద్యాధికులును దీనినే నమ్మిరి. 1908లో లండను నగరమున హ్రస్వదృష్టి గల బాలురకై ప్రత్యేక తరగతి నొకదానిని నెలకొల్పి, కన్నులకు శ్రమ కలుగకుండ పుస్తక పఠనమును తగ్గించి, నల్లబల్లలపై పెద్ద అక్షరములు వ్రాయించుచుండిరి. 1964లో అమెరికాలో నటాలీ బరాగా అను విదుషి, మందదృష్టి గల పిల్లలకు చూచుట నేర్పినచో వారు ఉన్న చూపునే మునుపటికంటె చక్కగా వినియోగించుకొందురని తన పరిశోధనవలన చూపెను. చదువుటచేత చూపు అరిగిపోదు. పుస్తకము దగ్గరకు తెచ్చుకొనుటకు కారణము సులభమైనది: 30 సెంటీమీటర్ల దూరమున నున్న అక్షరమును 15 సెంటీమీటర్లకు తెచ్చిన, కంటిలో దాని ప్రతిబింబము రెండింతలగును. ఆ బాలుడు తనకు తోచిన సాధనమును తానే కనిపెట్టుకొన్నాడన్నమాట. దానికై అతనిని దండింపరాదు.

మన తెలుగు లిపిలో ఇది మఱింత ముఖ్యము. ద, ధలకు గల భేదము ఒక చిన్న గీత; గుడికిని గుడిదీర్ఘమునకును గల భేదము ఒక చిన్న మెలిక; ఒత్తులు పంక్తిక్రింద సన్నగా దాగియుండును. అందువలన భూతద్దము కావలసి వచ్చును. దానికిని ఒక పద్ధతి కలదు. 10 డయాప్టర్ల కటకమును అక్షరమునకు 10 సెంటీమీటర్ల దూరమున, 20 డయాప్టర్లదానిని 5 సెంటీమీటర్ల దూరమున పట్టవలెను. కంటిని అద్దమునకు దగ్గరగా నుంచవలెను. అద్దపు బలము పెరిగినకొలది ఒక్కసారి కనబడు అక్షరముల సంఖ్య తగ్గును. కావున పఠనము నెమ్మదిగా సాగును. 2018లో భారత ప్రభుత్వము ప్రకటించిన పరీక్షా నియమములలో అర్హులైన దివ్యాంగులకు గంటకు 20 నిమిషములకు తక్కువ గాకుండ అదనపు కాలము ఇయ్యవలెనని చెప్పుటకు ఇట్టి కారణములే యున్నవి. అది దయాభిక్ష గాదు; లెక్కకు సరిపడు న్యాయము.

నల్లబల్లను చూచుటకు చేతిలో ఇముడు చిన్న దూరదర్శిని యొకటి కలదు. దానిలో కనబడు మేర ఇరుకు. బల్లను చూచి, కాగితముపై వ్రాసి, మరల బల్లను చూచునప్పటికి పంక్తి తప్పును. ఉపాధ్యాయుడు వ్రాయుచు పైకి చదివినయెడల ఆ కష్టము సగము తీరును. ఇందుకు పైకము అక్కఱలేదు. నల్లని అట్టలో పంక్తి వెడల్పున కోసిన సందు, ఏటవాలు బల్ల, నల్లని సిరా, దట్టమైన గీతల కాగితము, ఎండకు అంచు టోపీ, భుజము వెనుకనుండి పడు దీపకాంతి - ఇవి యన్నియు స్వల్ప వ్యయముతో నగు సాధనములే. నేటి సెల్ ఫోను అక్షరమును పెద్దదిగా జేసి చూపును; తెలుగును పైకి చదివి వినిపించుటయు నేర్చినది.

అద్దమును అంగడిలో తోచినట్లు కొనరాదు. ఒకనికి తగినది వేరొకనికి తగదు. హైదరాబాదులో 1987లో స్థాపింపబడిన ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవంటి చోట్ల మందదృష్టిని పరీక్షించి తగిన సాధనమును నిర్ణయించు ప్రత్యేక విభాగములు కలవు. నూటికి 40 పాళ్లకు తక్కువ గాని వైకల్యము ధ్రువపడిన విద్యార్థులకు 18 ఏండ్ల వరకు పుస్తకములు, సాధనములు ఉచితముగా సమకూర్చుట ప్రభుత్వమునకును స్థానిక సంస్థలకును 2016 చట్టము విధించిన బాధ్యత. తలిదండ్రులు దానిని అడిగి తీసికొనవలెను.

అయినను, వచ్చిన అద్దము పెట్టెలోనే పడియుండుట తరచుగా సంభవించును. ఏలయన, దానిని తరగతిలో తీసినతోడనే పదిమంది తలలు అటు తిరుగును. కండ్లద్దములు పెట్టుకొన్నవానిని నేడు ఎవ్వరును వింతగా చూడరు గదా! భూతద్దమునకును ఆ గౌరవము రావలెను. విద్యార్థులారా, మీ ప్రక్కవాడు అద్దము తీసినప్పుడు మీ పుస్తకము మీరు చదువుకొనుడు. అతడు పంక్తి తప్పినచో మెల్లగా చెప్పుడు. ఉపాధ్యాయులు అతనికి ముందు బెంచీలో, కిటికీ వెలుతురు కన్నులలో పడని చోటు చూపింతురు గాక. ఇంతమాత్రము జరిగినయెడల పెట్టెలోని అద్దము బల్లమీదికి వచ్చును. ఆ విద్యార్థియు తన పాఠమును తానే చదువుకొనును.